తేలిన ఏనుగు, మునిగిన గులకరాయి

ఒక పెద్ద అడవిలో, అంటే చెట్లకన్నా ఆఫీసులు ఎక్కువ మొలిచేటంత పెద్ద అడవిలో, మడుగు ఒడ్డున ఒక బడి ఉండేది. ఆ బడిలో నాలుగో తరగతికి పాఠాలు చెప్పేది బుడబుంగ.

బుడబుంగ తెలుసుగా. గుప్పెడంత నీటిపిట్ట. ఇప్పుడు కనబడుతుంది, ఇంతలో బుడుంగున మునిగి ఇంకెక్కడో లేస్తుంది. దేవుడు దాని కాళ్లు తీసుకెళ్లి ఒంటికి బాగా వెనక తగిలించాడు. నీళ్లలో ఆ కాళ్లు తెడ్లు. నేల మీద మాత్రం మూడడుగులు వేస్తే నాలుగో అడుక్కి మూతి మట్టిలో ఉంటుంది. అందుకని ఆమె మడుగులో ఉండే పాఠం చెప్పేది. పిల్లలు గట్టున కూర్చుని వినేవాళ్లు.

కాపురమూ ఆ మడుగులోనే. నాచూ కుళ్లిన తుంగా పోగేసి నీళ్ల మీద తేలే గూడు కట్టుకుంది. అది కొట్టుకుపోకుండా రెండు తుంగ కాడలకు మెలేసి పెట్టింది. గూట్లో నాలుగు గుడ్లు. పాఠం వేళకు వాటి మీద తడి నాచు కప్పి వచ్చేది, పాఠం అవగానే పోయి కూర్చునేది. పొదగడం మొదలుపెట్టి పది రోజులు. మరో పది రోజులు ఓపిక పడితే పిల్లలు.

చెప్పొచ్చేదేమిటంటే, తేలడం గురించీ మునగడం గురించీ ఆవిడకి ఒకరు చెప్పాల్సిన పని లేదు. అయినా చెప్పారు. పుస్తకం వేసి మరీ చెప్పారు.

నాలుగో తరగతి వాచకంలో ఏడో పాఠం: "బరువైనవి మునుగును. తేలికైనవి తేలును." అంతే పాఠం. కింద నాలుగు ఖాళీలు, పూరింపుము. ఆ పుస్తకం రాసిన సంఘానికి అధ్యక్షుడు అడవి మొత్తానికి విద్యాధికారి, ఏనుగు భద్రంగారు. సభ్యులు గుడ్లగూబ, ఉడుము, గబ్బిలం. సంఘం కూర్చున్నది నడివేసవిలో, కొండ మీద. అప్పుడు వాగులో చుక్క నీరు లేదు. కాబట్టి ప్రయోగం చేసి చూసుకునే బాధ లేకుండా పాఠం చప్పున తెమిలిపోయింది.

ఆ పాఠం చెప్పే రోజు రానే వచ్చింది. ముంగిసపిల్ల పైడి లేచి నిలబడింది. క్లాసుకొకరుంటారే, కూర్చోమన్నా కూర్చోని పిల్ల, అలాంటిది.

"టీచర్, మొన్న గాలికి పడిన బూరుగుమాను మడుగులో తేలుతోంది."

"చూశాను."

"నేను గులకరాయి వేస్తే మునిగింది."

"మునుగుతుంది."

"అయితే బూరుగుమానుకన్నా గులకరాయి బరువా టీచర్?"

పుస్తకం ప్రకారం జవాబు అవును. అవును అనేసి గూటికి పోయి గుడ్ల మీద కూర్చుంటే అయిపోయేది. కానీ కొందరి నాలుక అలా తిరగదు, ఏం చేస్తాం.

"పుస్తకం మూయండి," అంది. "పైడీ, ఒడ్డున జిగటమట్టి తియ్యి. ఉండ చెయ్యి. నీళ్లలో వెయ్యి."

వేసింది. మునిగింది.

"అదే ఉండ పైకి తియ్యి. మూకుడులా వత్తు. ఇప్పుడు మెల్లిగా నీళ్ల మీద పెట్టు."

పెట్టింది. మట్టి మూకుడు హాయిగా తేలింది.

"మట్టి తగ్గిందా?"

"లేదు టీచర్."

"ఇప్పుడు నన్ను చూడండి." బుడబుంగ ఈకలు ఉబ్బించుకుని బంతిలా తేలింది. తర్వాత ఈకలన్నీ ఒంటికి గట్టిగా అదుముకుంది. ఈకల మధ్య గాలి బుడగలు బుడగలుగా పైకొచ్చింది. ఆమె ఉన్నచోటునుంచి కదలకుండా, మెట్లు దిగినట్టు నీళ్లలోకి దిగిపోయింది. కాసేపటికి లేచి తల విదిలించుకుంది. "ఈ మధ్యలో నేనేమైనా లావయ్యానా?"

"లేదు టీచర్. ఇరుకయ్యారు," అంది పైడి.

"అదే. నువ్వెంత బరువని నీళ్లు అడగవు. ఆ బరువుకి ఎంత చోటు తీసుకున్నావని అడుగుతాయి. నువ్వు దిగి కొన్ని నీళ్లను పక్కకి నెడతావు. ఆ నీళ్ల బరువెంతో అంత బలంగా అవి నిన్ను పైకి నెడతాయి. ఆ బలం నీ బరువును మోస్తే తేలతావు, మోయలేకపోతే మునుగుతావు. తమని పక్కకి నెట్టినా కూడా మనల్ని మోసేది లోకంలో నీళ్లొక్కటే. కాబట్టి వాటికి కాస్త మర్యాద ఇచ్చి నేర్చుకోండి."

పిల్లలకు అర్థమైంది. అనర్థం అక్కడే మొదలైంది.

పరీక్షలో "బరువైనవి ———" అని ఖాళీ ఇస్తే, ఇరవై రెండు మంది పిల్లలూ "ఎంత చోటు తీసుకున్నాయో చూసి చెప్పాలి" అని రాశారు. దిద్దింది విద్యాధికారిగారి గుమాస్తా ముళ్లపంది. ఆయనకి కలం కొనే పనిలేదు, వీపునుంచి ఒక ముల్లు పీక్కుంటే సరి. పీకినప్పుడల్లా నొప్పి పుట్టేది, అందుకే రాసే ప్రతి అక్షరానికీ ఎదుటివాళ్లు బాధపడాలనుకునేవాడు. ఇరవై రెండు కాగితాలకీ ఇరవై రెండు సున్నాలు చుట్టాడు.

ఆ అడవిలో ఒక పిల్లకు సున్నా వస్తే పిల్ల మొద్దు. ఇరవై రెండు మందికీ వస్తే టీచరు తప్పు. పుస్తకం తప్పయ్యే అంకె ఇంకా పుట్టలేదు.

మర్నాడు హెడ్మాస్టరు తొండ గట్టు మీదికొచ్చాడు. పుట్టుకతోనే తలూపే జాతి. హెడ్మాస్టరు ఉద్యోగానికి ఇంకే అర్హతా అడగలేదు.

"టీచరమ్మా, భద్రంగారు స్వయంగా తనిఖీకి వస్తున్నారు. ఎల్లుండి. ఏడో పాఠమే చెప్పి చూపించమన్నారు."

"చూపిస్తాను. మట్టి తెప్పించండి."

"మట్టీ వద్దు, మూకుడూ వద్దు." తొండ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నేనంతా ఆలోచించాను. ఒక గులకరాయి, ఒక ఈక. రాయి బరువు, మునిగింది. ఈక తేలిక, తేలింది. పాఠం అయిపోయింది. మూడో వస్తువు గట్టున కనబడకూడదు. ఆ బూరుగుమానుకి అడ్డంగా ఆకులు కప్పిస్తాను. ఆ ముంగిసపిల్లకి ఆ రోజు జ్వరం."

"దానికి జ్వరమా? రాయిలా ఉంది."

"వస్తుంది. నేను రిజిస్టర్లో రాశాను."

"మాస్టారూ, మీరు ఈ మడుగు ఒడ్డునే పుట్టారు. రోజూ ఆ మాను తేలడం మీ కళ్లతో చూస్తున్నారు."

తొండ తలూపాడు. "చూస్తున్నాను."

"మరి పుస్తకంలో ఉన్నది తప్పు కదా?"

దానికీ తలూపాడు. "తప్పేనమ్మా. కానీ ఆ తప్పు కింద సంతకం ఉంది. మీరు ఒప్పు చెప్పారనుకోండి, సున్నపుగుట్ట బడికి బదిలీ. ఆర్డరు నమూనా గుమాస్తా దగ్గర సిద్ధంగా ఉంటుంది, పేరొక్కటి నింపాలి."

సున్నపుగుట్ట వాగు అవతల ఉంది. అక్కడ తాగడానికే నీళ్లు దొరకవు, ఈదడం సంగతి తర్వాత. తను ఎగిరి వెళ్లగలదు. గూడు ఎగరదు. నాలుగు గుడ్లు అసలే ఎగరవు.

"ఈకా, రాయీ," అంది చివరికి. "సరే."

తొండ సంతోషంగా తలూపుకుంటూ వెళ్లాడు. ఆ సాయంత్రం గూట్లో కూర్చున్నప్పుడు ఆమెకి గుడ్లు కింద గుచ్చుకుంటున్నట్టే అనిపించింది.

తనిఖీ రోజున భద్రంగారు వచ్చారు. మెడలో దండ వేస్తే తీసి తినేశారు. వెనకాలే గుమాస్తా ముళ్లపంది, చంకలో కాగితాలు. ఇక్కడొక రహస్యం చెప్పాలి. ఆ పాఠం రాసిన నాటినుంచీ భద్రంగారు నీళ్లలో దిగలేదు. బరువైనవి మునుగునని తనే రాశాడాయె, అడవిలో తనకన్నా బరువైనవాడు లేడాయె. తన పాఠాన్ని నిజంగా నమ్మిన ఏకైక ప్రాణి ఆయనే. గట్టున నిలబడి తొండంతో చెంబుడు చెంబుడు పోసుకోవడమే స్నానం.

బుడబుంగ గులకరాయి వేయించింది. మునిగింది. తనే మునిగి దాన్ని పైకి తెచ్చి గట్టున పెట్టింది. ఈక వేయించింది. తేలింది. భద్రంగారి చెవులు ఆనందంతో ఊగాయి.

"భేష్. ఏదీ, పిల్లల్లో ఎవరైనా బరువైన దానికి ఇంకో ఉదాహరణ చెప్పండి."

కోతిపిల్ల లేచి చేతులు కట్టుకుంది. "మీరు సార్. మీరు పడితే మునిగిపోతారు సార్."

పిల్ల చెప్పింది పుస్తకం ప్రకారం నూటికి నూరు మార్కుల జవాబు. తొండ అలవాటు కొద్దీ తలూపి, ఏమి ఊపాడో గుర్తొచ్చి మధ్యలో ఆపేశాడు.

"మునగరు," అంది వెనకనుంచి ఒక గొంతు. రిజిస్టరు ప్రకారం జ్వరంతో పడుకుని ఉన్న పైడి, పొదలోంచి బయటికొచ్చింది. "తేలతారు సార్. టీచర్ చెప్పారు."

భద్రంగారు మెల్లగా బుడబుంగ వైపు తిరిగారు. "ఏమమ్మా. నేను తేలతానని చెప్పావా?"

బుడబుంగ గూటి వైపు చూసింది. నాచు కింద నాలుగు గుడ్లు. తర్వాత పైడి వైపు చూసింది. అది రెప్ప వేయకుండా తనవైపే చూస్తోంది. ఈ పిల్ల ఇంకోసారి సున్నా వచ్చినా ఏడవదు. నేనిప్పుడు లేదంటే మాత్రం, ఇక జన్మలో మట్టి ముట్టుకుని చూడదు, అనుకుంది.

"చెప్పానండి. తేలతారు."

"గుమాస్తా," అన్నారు భద్రంగారు, "రాసుకో. సున్నపుగుట్ట."

ముళ్లపంది వీపునుంచి ముల్లు పీకాడు. ఏం రాస్తున్నాడో చూద్దామని భద్రంగారు ఒక అడుగు ముందుకు వేశారు. రాయి తీసి పెట్టినచోట గట్టు తడిగా ఉంది. కాలు జారింది. ఆ తర్వాత అడవిలో చాలామంది పిడుగు పడిందనే అనుకున్నారు.

మడుగులో నీళ్లు ఒక్కసారిగా లేచి గట్టెక్కాయి. పిల్లలు చెల్లాచెదురు. రిజిస్టరు తడిసింది, అందులో పైడికి వచ్చిన జ్వరం చెరిగిపోయింది. బుడబుంగ గుండె గూటి దగ్గరే ఉంది. నీళ్లు ఎంత లేస్తే గూడు అంత లేచింది, తుంగ కాడలు పట్టుకుని ఊగింది, నిలబడింది. నాలుగు గుడ్లూ ఉన్నాయి. అప్పుడు భద్రంగారి దగ్గరికి ఈదుకెళ్లింది.

ఆయన కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నారు. వీపు నీళ్ల పైన ఉంది. తల పైన ఉంది. తొండం ధ్వజస్తంభంలా నిలబడి ఉంది.

"అయ్యా, కళ్లు తెరవండి."

"నేను మునిగిపోయాను."

"లేదండి, తేలుతున్నారు."

"ఏడో పాఠం ప్రకారం మునిగాను. నన్ను విసిగించకు, శాంతిగా పోనీ."

"పోయినవాళ్లు ఇంత మాట్లాడరండి. గట్టు చూడండి, ఎంత నీరు పైకెక్కిందో. అదంతా మీరు పక్కకి నెట్టిన నీరే. మీ ఒళ్లు పెద్దది, చాలా చోటు తీసుకుంటుంది, చాలా నీళ్లు జరుపుతుంది. అందుకే అవి మిమ్మల్ని మోస్తున్నాయి. కాళ్లు ఆడించండి."

ఒక కన్ను తెరిచారు. కాళ్లు ఆడించారు. కదిలారు. మడుగు ఒక చుట్టు చుట్టారు. తర్వాత, ఎవరూ అడక్కపోయినా, ఇంకో చుట్టు చుట్టారు. చిన్నప్పుడెప్పుడో వాళ్లమ్మ వెనక ఈదినట్టు గుర్తొచ్చిందో ఏమో, ఆ మొహంలో అధికారి కాసేపు కనబడలేదు.

పాఠం మారుతుందని బుడబుంగ ఆశపడింది. పాపం, చదువుకున్నదే గాని లోకం తెలియదు.

గట్టెక్కగానే ముళ్లపంది నివేదిక రాయడానికి కూర్చున్నాడు. చిక్కొచ్చి పడింది. "దొరవారూ, తమరు తేలారు. పుస్తకం ప్రకారం తేలేది తేలికైనది. అయితే పుస్తకం తప్పవ్వాలి, లేదా తమరు తేలికవ్వాలి."

"పుస్తకం కింద సంతకం ఎవరిది?"

"తమదే."

"అయితే ఇంకా అడుగుతావేం?"

ముళ్లపంది రాశాడు: విద్యాధికారి భద్రంగారు నీట తేలినందున, వారు తేలికైనవారని ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది. గులకరాయి మునిగినందున, అది బరువైనదని ధ్రువీకరించడమైనది.

భద్రంగారికి ఒళ్లు పులకరించింది. పుట్టినప్పటినుంచీ ఎవరూ ఆయన్ని సన్నగా ఉన్నారనలేదు. ఆ సంబరంలో బదిలీ మాట పక్కన పెట్టారు. సాక్షిగా బుడబుంగని సంతకం చెయ్యమన్నారు.

"'తేలినందున' వరకూ చేస్తాను," అంది బుడబుంగ. "'తేలికైనవారని' అన్నదానికి చెయ్యను."

"రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయమ్మా," అన్నాడు ముళ్లపంది.

"వాక్యం మధ్యలోనే చేస్తాను." 'తేలినందున' పక్కన తడి కాలిముద్ర వేసి వెనక్కి తగ్గింది. ముద్ర ఎక్కడుందో ఎవడు చూస్తాడు, ఉందా లేదా అని చూస్తారు గాని.

సాయంత్రం అందరూ సాగనంపడానికి వాగు దాకా వెళ్లారు. బుడబుంగ మడుగునుంచి వాగులోకి పారే కాలవలో ఈదుకుంటూ వెళ్లింది. వాగు మీద తీగల వంతెన ఉంది. దానికి ఒక పలక: బరువైనవారు ఎక్కరాదు. అందుకే ఎప్పుడొచ్చినా భద్రంగారు కొండ చుట్టూ తిరిగి వెళ్లేవారు. ఈసారి నేరుగా వంతెన దగ్గరికే నడిచారు. రుజువు వస్తువు కదా అని ఆ గులకరాయిని తొండంలో పట్టుకున్నారు.

"అయ్యా, ఆగండి," అంది బుడబుంగ కింద నీళ్లలోంచి. "నీళ్లు మోసినట్టు తీగలు మొయ్యవు. వాటికి మీ చోటుతో పని లేదు, మీ బరువుతోనే పని."

"నేను తేలికని నువ్వే ముద్ర వేశావు."

"సగం దాకానే వేశానండి."

తొండ తలూపాడు. ఎవరి మాటకో ఆయనకే తెలియదు. భద్రంగారు నాలుగడుగులు వేశారు. అయిదోది వేయడానికి వంతెన లేదు.

తీగలు తెగి, పలకలు ఎగిరి, ఏనుగు వాగులో పడింది. తేలింది. ఈదుకుంటూ అవతలి గట్టెక్కింది. గులకరాయి అడుక్కి పోయింది.

విచారణ అక్కడికక్కడే. అవతలి గట్టునుంచి భద్రంగారు చెబుతుంటే ఇవతలి గట్టున ముళ్లపంది రాశాడు. వంతెన మీద ఉన్నవి రెండు. ఒకటి తేలికైనదని ధ్రువపత్రం ఉంది. రెండోది బరువైనదని ధ్రువపత్రం ఉంది. మరి వంతెనను ఏది తెంచింది?

"గులకరాయి," అన్నాడు ముళ్లపంది.

"మునిగింది కూడా. చేసినదానికి మొహం చూపించలేక," అన్నారు భద్రంగారు. "ఆ రాయిని బడికి తెచ్చిందెవరు?"

అందరూ బుడబుంగ వైపు చూశారు. ఈసారి ఆర్డరు పూర్తిగా రాశారు. సున్నపుగుట్ట బడికి బదిలీ. మూడు రోజుల్లో వంతెన మీదుగా వెళ్లి చేరవలెను.

బుడబుంగ కాగితం రెండుసార్లు చదివింది. పుస్తకాలు చదివే అలవాటున్నవాళ్లకి ఇదొక సుఖం, తమ మీద పడే కత్తిని కూడా అక్షరం అక్షరం చదువుతారు.

"వంతెన మీదుగా అని రాశారు," అంది.

"నమూనా అంతే," అన్నాడు ముళ్లపంది.

"వంతెన లేదు."

"కడతారు."

"ఎప్పుడు?"

"విచారణ ముగిశాక. ముద్దాయి లేకుండా విచారణ ఎలా ముగుస్తుంది? ముందు రాయిని పైకి తీయించాలి. లోతు నీళ్లలో మునిగి తియ్యగలవాళ్లు..." ముళ్లపంది మాట మింగేశాడు. ఆ అడవిలో అంత లోతు మునగగలిగింది ఒక్కతే.

"నేను తీస్తాను," అంది బుడబుంగ. "ఆనవాలు చెప్పండి."

"గుండ్రంగా, నున్నగా, బూడిద రంగులో ఉంటుంది."

"అలాగే. దానికెంత కష్టం."

వాగు అడుగున గుండ్రంగా, నున్నగా, బూడిద రంగులో లేని రాయి ఒక్కటి చూపించండి చూద్దాం.

ఆ రోజునుంచి బుడబుంగ పొద్దున్నే గుడ్ల మీద నాచు కప్పి, వాగులో మునిగి, ఒక రాయి తెచ్చి ముళ్లపంది ముందు పెట్టేది. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి చూసేవాడు. ఇదే అనడానికి ధైర్యం లేదు, కాదనడానికి ఆధారం లేదు. "అనుమానితుల్లో పెట్టండి," అనేవాడు. ఆమె పోయి గుడ్ల మీద కూర్చునేది. ఆరో రాయి తెచ్చిన రోజున గుడ్లు పగిలి నాలుగు పిల్లలు బయటికొచ్చాయి. వస్తూనే తల్లి వీపెక్కి ఈకల్లో దూరాయి.

ఈలోగా అవతలి గట్టున భద్రంగారు రోజూ సాయంత్రం ఒంటరిగా ఈదడం పిల్లలు చూశారు. ఆయనను ఎవరూ పలకరించలేదు. అధికారికి చదువొస్తుంటే మధ్యలో అడ్డు తగలకూడదు. పుస్తకం మాత్రం మళ్లీ అచ్చయింది. ఏడో పాఠంలో అక్షరం మారలేదు, ఉదాహరణలు కలిపారు: బరువైనది, గులకరాయి. తేలికైనది, విద్యాధికారి.

ఒకరోజు పాఠం మధ్యలో, తల్లి రెక్క కిందనుంచి చిన్నపిల్ల తల బయటపెట్టింది. "అమ్మా, ఏనుగు ఎందుకు తేలింది?"

బుడబుంగ గట్టు మీది పైడి వైపు చూసింది. పైడి నవ్వు ఆపుకుంటోంది.

"పరీక్షలో అడుగుతున్నావా తల్లీ, నీళ్లలో అడుగుతున్నావా?"

నీతి: ఎంత పెద్ద తప్పు చేసినా హాయిగా తేలొచ్చు, దాని బరువంతా వేసెయ్యడానికి ఒక చిన్న రాయిని దగ్గర పెట్టుకుంటే చాలు.